స్పార్క్ ప్లగ్గులు మార్చాలి: నికెలా, ఇరిడియమా? మనమే మార్చుకోవచ్చా?

#1 రెండోగేరు

అందరికీ నమస్కారం. నాది 1.5 లీటర్ల పెట్రోల్ బండి. నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, మీటరు 70 వేల కిలోమీటర్లు దాటింది. పాత ఓనర్ ప్లగ్గులు ఎప్పుడు మార్చాడో, అసలు మార్చాడో లేదో సర్వీస్ పుస్తకంలో లేదు.

కొన్నాళ్లుగా బండి ఆగి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు స్టీరింగ్‌లో సన్నటి వణుకు. మూడో గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఎవరో వెనక్కి లాగినట్టు జర్క్ ఇస్తోంది. ఇంజన్ లైట్ మాత్రం వెలగలేదు. మెకానిక్ చూసి "ప్లగ్గులు పోయాయి, ఇరిడియం వేద్దాం. ఒక నంబరు కోల్డ్‌ది వేస్తే పికప్ కూడా వస్తుంది" అన్నాడు. కోల్డ్ అంటే ఏమిటని అడిగితే "మంచివి సార్" అన్నాడు, అంతకుమించి చెప్పలేదు.

ఇరిడియం నిజంగా అవసరమా? ఈ కోల్డ్ సంగతేమిటి? నా దగ్గర సాకెట్ సెట్ ఉంది కానీ టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) లేదు. ఈ పని నేనే చేసుకోవచ్చా?

#2 మబ్బులో_టర్బో

ఇరిడియం వేసెయ్ బ్రో, ఇంకేం ఆలోచించకు. నేను వేయించాక బండి ఎగిరిపోతోంది. మైలేజీ కూడా పెరిగింది.

#3 పానాపట్టిన_చేయి

రెండోగేరు గారూ, ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు ఇంజన్ బాగా చల్లారాక ఒక్క ప్లగ్గు విప్పి చూడండి. తెల్లటి పింగాణీ మీద అక్షరాలు, అంకెలు ఉంటాయి, వాటిని ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. ఓనర్ మాన్యువల్‌లో ఏ నంబరు రాసి ఉందో అది కూడా. అవి రెండూ ఒకటేనో కాదో ముందు తేలాలి. పాత ఓనర్ ఏదో ఒకటి వేసి ఉండొచ్చు కదా.

ఇక మబ్బులో_టర్బో చెప్పిన "ఎగిరిపోవడం" గురించి. బాగా అరిగిపోయిన ప్లగ్గులు తీసి కొత్తవి ఏవి వేసినా బండి బాగుపడినట్టే అనిపిస్తుంది. అది కొత్తదనం మహిమ, ఇరిడియం మహిమ కాదు. మంచి కండిషన్‌లో ఉన్న నికెల్ ప్లగ్గు తీసి ఇరిడియం పెడితే మామూలు బండిలో తేడా పట్టుకోవడం కష్టం.

#4 మబ్బులో_టర్బో

అలా అయితే కంపెనీలు ఫ్యాక్టరీలోనే ఇరిడియం ఎందుకు బిగిస్తున్నాయి అన్నా? ఊరికే ఖర్చు పెట్టుకుంటాయా?

#5 పానాపట్టిన_చేయి

మంచి ప్రశ్న. కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్‌లో ఒక్కసారి స్పార్క్ పడుతుంది. ఇంజన్ 2500 ఆర్‌పీఎంలో ఉంటే ఒక్కో ప్లగ్గుకు నిమిషానికి 1250. గంటకు 60 కిలోమీటర్ల లెక్కన 40 వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఒక్కో ప్లగ్గు 5 కోట్ల సార్లు వెలిగి ఉంటుంది. ప్రతిసారీ ఎలక్ట్రోడ్ (స్పార్క్ దూకే లోహపు కొస) నుంచి కంటికి కనపడనంత లోహం ఎగిరిపోతుంది. నికెల్ 1455 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1768 దగ్గర. ఇరిడియం అయితే 2400 దాటితే గానీ కరగదు. అందుకే మధ్య ఎలక్ట్రోడ్ కొసను ఇరిడియంతో 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్ల సన్నటి తీగలా చేసినా తట్టుకుంటుంది. నికెల్‌తో అంత సన్నగా చేస్తే ఎన్నాళ్లో నిలవదు, అందుకే అది 2.5 మిల్లీమీటర్ల మొద్దుగా ఉంటుంది.

సన్నటి కొస నుంచి, పదునైన అంచు నుంచి స్పార్క్ తేలిగ్గా దూకుతుంది. అంటే ప్లగ్గుకు హై వోల్టేజీ అందించే కాయిల్ మీద భారం కాస్త తగ్గుతుంది. ఇరిడియంతో వచ్చే లాభం ఇదీ, దానితోపాటు ఆయుష్షూ. నికెల్ మామూలుగా 30 నుంచి 40 వేల కిలోమీటర్లు వస్తే, ఇరిడియానికి చాలా కంపెనీలు లక్ష దాకా రాస్తాయి. కొన్ని ఇంజన్లలో ప్లగ్గు దాకా చెయ్యి పోవాలంటే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (ఇంజన్‌కు గాలి చేర్చే గొట్టాల భాగం) విప్పాలి. అలాంటి బండికి లక్షకు ఒక్కసారి మారిస్తే చాలంటే కంపెనీకీ, ఓనరుకూ సుఖమే కదా. హార్స్‌పవర్ కోసం కాదు.

ఇంకో మాట. షాపులో "కాపర్ ప్లగ్గు" అంటారు. రాగి ఉండేది లోపలి గుజ్జులో, వేడిని బయటకు లాగడానికి. ఇరిడియం ప్లగ్గుల్లోనూ అది ఉంటుంది. నికెల్, ఇరిడియం అనే తేడా అంతా కొసలోనే.

ఫ్యాక్టరీలో ఇరిడియం వచ్చిన ఇంజన్‌కు నికెల్ వేసి లక్ష కిలోమీటర్లు తిప్పడం తప్పు. ఫ్యాక్టరీలో నికెల్ వచ్చిన ఇంజన్‌కు ఇరిడియం వేస్తే తప్పేమీ లేదు, నంబరు సరిపోవాలి అంతే.

#6 ఎర్రబల్బు

డీజిల్ బండికి ఏ ప్లగ్గులు మంచివి అన్నా?

#7 ఐడ్లింగ్_ఆచారి

డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గులే ఉండవు నాయనా. ఒత్తిడికి పుట్టే వేడితోనే మండుతుంది. అందులో ఉండేవి గ్లో ప్లగ్గులు, చలిలో స్టార్టింగ్‌కు సాయం చేస్తాయి. దానికి వేరే చర్చ పెట్టు.

#8 రెండోగేరు

విప్పాను! మూడో సిలిండర్‌ది, రెండో సిలిండర్‌ది, రెండూ. మాన్యువల్‌లో ఉన్నదీ ప్లగ్గు మీద ఉన్నదీ ఒకటే: ఎన్‌జీకే బీకేఆర్6ఈ-11.

మూడోదాని కొస లేత గోధుమ రంగులో పొడిగా ఉంది. మధ్య ఎలక్ట్రోడ్ అంచులు మాత్రం వాడిన సబ్బుబిళ్లలా గుండ్రంగా అరిగిపోయాయి. ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు) పెడితే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య గ్యాప్ 1.4 మిల్లీమీటర్లు వచ్చింది. రెండోదానితో టెన్షన్ పట్టుకుంది. కాయిల్ పైకి లాగగానే, ప్లగ్గు మీద కూర్చునే దాని రబ్బరు తొడుగు (బూట్) కొసన ఇంజన్ ఆయిల్ కారుతోంది. ప్లగ్గు బయటి పింగాణీ అంతా జిడ్డు. జిడ్డు తుడిస్తే కింద వెంట్రుక మందాన ఒక నల్ల గీత, పై నుంచి లోహపు భాగం దాకా నిలువుగా ఉంది. గోరుతో గీకినా పోవడం లేదు. మరి దీని కొస మాత్రం మామూలుగానే ఉంది. పిస్టన్ రింగులు పోయాయంటారా?

#9 నల్లమసి

రింగులు కాదు అండీ, ఊపిరి పీల్చుకోండి. రింగులో, వాల్వ్ సీళ్లో పోతే ఆయిల్ లోపలికి, అంటే మండే గదిలోకి వస్తుంది. అప్పుడు ప్లగ్గు కొస నల్లగా, తడిగా, మెరుస్తూ ఉంటుంది. మీది పైన తడి, కింద పొడి. వాల్వ్ కవర్ (ఇంజన్ పైమూత) కింద, ప్లగ్గు బావి (ప్లగ్గు కూర్చునే లోతైన గుంత) చుట్టూ ఉండే రబ్బరు సీలు గట్టిపడి లీకవుతోంది. వాల్వ్ కవర్ గాస్కెట్ సెట్‌లోనే చాలా ఇంజన్లకు ఆ సీళ్లు కూడా వస్తాయి.

ఆ నల్ల గీతే మీ జర్క్‌కు కారణం కావచ్చు. ప్లగ్గు గ్యాప్‌లో దూకాల్సిన కరెంటు, తేలికైన దారి దొరికిందని పింగాణీ పక్కనుంచి పాకి బాడీకి ఎర్త్ అయిపోతోంది. అలా ఒకసారి దారి పడితే మళ్లీ మళ్లీ అటే పోతుంది. బూట్‌ను తిప్పి లోపల టార్చ్ వేసి చూడండి, ఇలాంటి గీతే రబ్బరు మీద కూడా ఉంటుంది. ప్లగ్గు మార్చి పాత బూట్ అలాగే పెడితే కొత్త ప్లగ్గుకూ అదే గతి.

ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకంటే, తొక్కినప్పుడు సిలిండర్‌లోకి గాలి ఎక్కువ వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే అదే గ్యాప్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. దానికితోడు మీ గ్యాప్ 1.1 ఉండాల్సింది 1.4 అయింది.

#10 ఐడ్లింగ్_ఆచారి

ఒక్కటి చేరుస్తాను. పింగాణీ అడుగున, లోహానికి ఆనుకుని గోధుమ రంగు ఉంగరంలా మరక కనిపిస్తే గ్యాస్ లీకని కంగారు పడేవాళ్లు ఉన్నారు. అది హై వోల్టేజీ చుట్టూ గాలిలోని ఆయిల్ రేణువులు అంటుకోవడం వల్ల వచ్చే కరోనా మరక. దానివల్ల నష్టం లేదు. రెండోగేరు గారిది నిలువు గీత కాబట్టి అది వేరే కథ.

#11 రెండోగేరు

బూట్‌లో కూడా గీత ఉంది నల్లమసి గారూ. ధన్యవాదాలు. ఇప్పుడు ఆ నంబరు సంగతి చెప్పండి. 6 కి బదులు ఒక నంబరు కోల్డ్ అంటే 7 వేయడమేనా?

#12 పానాపట్టిన_చేయి

అవును, ఎన్‌జీకేలో 7. కానీ వేయొద్దు.

మీ కోడ్ విడగొట్టి చూద్దాం. బీ, కే కలిసి 14 మిల్లీమీటర్ల మర, 16 మిల్లీమీటర్ల సాకెట్ పట్టే తల. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది, సుమారు 5 వేల ఓమ్‌లు. అది లేకపోతే రేడియోలో గరగర, కంప్యూటర్ ఉన్న బండిలో సెన్సర్లకు గందరగోళం. 6 హీట్ రేంజ్. ఈ అంటే మర ఉన్న భాగం పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు.

కోల్డ్ ప్లగ్గు అంటే చల్లటి స్పార్క్ కాదు, హాట్ అంటే వేడి స్పార్కూ కాదు. కొస దగ్గరి వేడిని ఎంత త్వరగా హెడ్‌కు (సిలిండర్ల పైన ప్లగ్గు బిగించే లోహపు దిమ్మెకు) దాటిస్తుందన్నదే లెక్క. లోపలి పింగాణీ ముక్కు పొట్టిగా ఉంటే వేడి దగ్గరి దారిలో పోతుంది, అది కోల్డ్. ముక్కు పొడుగైతే వేడి నిలుస్తుంది, అది హాట్. కొస వేడి సుమారు 450 డిగ్రీలు దాటితేనే మీద పడిన మసి కాలిపోయి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. 850 చేరువకు పోతే స్పార్క్ పడకముందే ఆ కొసే నిప్పులా మారి మిశ్రమాన్ని అంటిస్తుంది. అది పిస్టన్‌కు చేటు. ఈ రెంటి మధ్య ఉంచడానికే కంపెనీ ఆ ఇంజన్‌కు 6 ఎంచుకుంది.

ఇప్పుడు ఇంజన్‌లో ఏ మార్పూ చేయకుండా 7 వేసి, దగ్గరి దూరాలకే బండి తీస్తే కొస 450 చేరకపోవచ్చు. మసి పట్టి, పొద్దున స్టార్టింగ్ మొండికేయొచ్చు. బూస్ట్ పెంచిన టర్బోలకు, రేసు బండ్లకు కోల్డ్ అవసరమే. మీకు కాదు.

ఇంకో కంపెనీది కొనేటప్పుడు అంకె చూసి మోసపోవద్దు. ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగితే కోల్డ్. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే హాట్, పూర్తిగా ఉల్టా. ఎన్‌జీకే 6 కు డెన్సోలో 20, బాష్‌లో 7 దగ్గరగా సరిపోతాయి. కౌంటర్ మీద కుర్రాడు "7 ఉంది సార్, ఇదే" అంటే ఏ కంపెనీ 7 అని అడగాలి.

మర పొడవు విషయంలో సర్దుబాటు అసలే పనికిరాదు. పొడుగైతే లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌కో వాల్వ్‌కో తగులుతుంది. పొట్టిదైతే హెడ్‌లో మిగిలిన మరల్లో కార్బన్ గడ్డకట్టి, తర్వాత సరైన ప్లగ్గు ఎక్కదు.

#13 మబ్బులో_టర్బో

సరే అన్నా, ఒప్పుకున్నా. నాది నిజంగానే టర్బో మరి, నాకు గ్యాప్ ఎంత ఉండాలి? పెట్టె మీద "ప్రీ గ్యాప్డ్" అని ఉంది, కొలవక్కర్లేదంటారు.

#14 పానాపట్టిన_చేయి

టర్బో ఇంజన్లకు సాధారణంగా 0.7, 0.8 ఆ చుట్టుపక్కల ఇస్తారు. మీ మాన్యువల్ మాటే ఫైనల్. పెట్టె మీద ఏం రాసినా ఒకసారి కొలవండి, ఒకే ప్లగ్గు నంబరు వేర్వేరు ఇంజన్లకు పోతుంది, దారిలో కింద పడీ ఉండొచ్చు. ఇరిడియం అయితే తీగ గేజ్‌తో కొలవాలి. అంచు చుట్టూ మందం పెరుగుతూ పోయే బిళ్ల గేజ్‌ను దూర్చి మధ్య కొసను ఆసరా చేసుకుని వంచితే ఆ సన్నటి ఇరిడియం ముక్క టక్కున విరుగుతుంది. వంచాల్సి వస్తే పైనున్న వంపు ఎలక్ట్రోడ్‌ను మాత్రమే, అదీ కొంచెం కొంచెంగా.

గట్టి నేల మీద పడ్డ ప్లగ్గును వాడొద్దు. పైకి బాగానే ఉన్నా లోపల పింగాణీ చిట్లి ఉండొచ్చు.

#15 గ్యాస్‌బండి

మధ్యలో దూరుతున్నా. సీఎన్‌జీ కిట్ ఉన్న బండికి కూడా ఇవేనా?

#16 నల్లమసి

గ్యాస్‌లో స్పార్క్ దూకడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే గ్యాప్ కాస్త పెరిగినా గ్యాస్ మీదే ముందు జర్క్ మొదలవుతుంది, పెట్రోల్‌కు మారిస్తే బాగానే ఉంటుంది. ప్లగ్గులు తొందరగా మార్చుకోవాలి. కంపెనీ కిట్ అయితే గ్యాస్ మోడల్‌కు వేరే నంబరు, వేరే గ్యాప్ ఇస్తుందేమో మాన్యువల్‌లో చూడండి.

#17 ఐడ్లింగ్_ఆచారి

విప్పడం, బిగించడం నేను చెప్తాను, పానా గారు తప్పులుంటే దిద్దుతారు.

ఇంజన్ చల్లగా ఉండాలి. అల్యూమినియం హెడ్ వేడి మీద ఉన్నప్పుడు విప్పితే మరలు లాక్కొస్తాయి. కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి తీయండి, పాత ప్లాస్టిక్ పుటుక్కున విరుగుతుంది, బలం వద్దు. కాయిల్‌ను అటూ ఇటూ కొంచెం తిప్పి నిట్టనిలువుగా లాగండి. ప్లగ్గు విప్పేముందు ఆ బావిలోకి గాలి కొట్టండి. లేదంటే అడుగున ఉన్న ఇసుక, దుమ్ము మొత్తం సిలిండర్‌లోకి పోతుంది. రెండోగేరు గారు ఆ ఆయిల్‌ను ముందు గుడ్డతో అద్ది తీయాలి.

కొత్తది ఎక్కించేటప్పుడు రాట్చెట్ తగిలించొద్దు. సాకెట్, ఎక్స్‌టెన్షన్ మాత్రమే వేళ్లతో పట్టుకుని ముందు కాస్త ఎడమవైపుకు తిప్పండి, మర కూర్చున్నప్పుడు చిన్న టక్ తెలుస్తుంది. అక్కడి నుంచి కుడివైపు. వేళ్లతోనే చివరిదాకా పోవాలి. రెండు చుట్లకే బిగుసుకుందంటే మర అడ్డంగా పడింది, వెనక్కి తీయండి. మరలకు కాపర్ గ్రీజు రాస్తే తర్వాత సారి సులువుగా వస్తుంది.

#18 పానాపట్టిన_చేయి

ఆచారి గారూ, అన్నీ బాగున్నాయి, గ్రీజు తప్ప. ఇప్పటి ప్లగ్గుల మరలకు పూత ఉంటుంది, అది అతుక్కోకుండా ఉండటానికే. ఎన్‌జీకే లాంటి కంపెనీలే రాయొద్దంటున్నాయి. గ్రీజు రాస్తే మర జారుడుగా తిరిగి, రెంచ్ అదే టార్క్ చూపించినా నిజానికి ఎక్కువ బిగుస్తుంది. ప్లగ్గు మెడ సాగడం, హెడ్ మర పోవడం అలాగే జరుగుతాయి.

#19 ఐడ్లింగ్_ఆచారి

గ్రీజు లేకుండా బిగుసుకుపోయి, విప్పితే హెడ్ మరతో సహా ఊడొచ్చిన ప్లగ్గులు కళ్లారా చూశాను సార్. పూత లేని నల్ల బాడీ ప్లగ్గులకైతే నేను రాస్తూనే ఉంటాను.

#20 పానాపట్టిన_చేయి

పూత లేనివాటికి మీ మాట ఒప్పుకుంటాను, అదీ ఒక్క చుక్క, టార్క్ తగ్గించి. మెరిసే బాడీకి మాత్రం వద్దు.

టార్క్ రెంచ్ లేని రెండోగేరు గారికి: మీది వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గు. వేళ్లతో పూర్తిగా కూర్చున్నాక సగం నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పితే కొత్త వాషర్ నలిగి సీల్ అవుతుంది. రెంచ్ ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. ఒకసారి బిగించి విప్పిన పాత ప్లగ్గయితే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి పన్నెండో వంతు చుట్టు చాలు. వాషర్ లేకుండా ఏటవాలు సీటు ఉన్నవాటికి పదహారో వంతే. 12 మిల్లీమీటర్ల మరకు 15 నుంచి 20 న్యూటన్ మీటర్లు, 14 దానికి ఇచ్చినంత బలం ఇవ్వొద్దు. పెట్టె మీద బొమ్మ వేసి ఉంటుంది, అది చూడండి.

వదులుగా ఉన్నా ప్రమాదమే. వేడి దాటేది ఎక్కువగా ఆ సీటు, మరల మీదుగానే. సరిగ్గా ఆనకపోతే ప్లగ్గు ఎర్రగా కాలుతుంది.

#21 రెండోగేరు

వాల్వ్ కవర్ గాస్కెట్, బావి సీళ్లు మెకానిక్ చేత మార్పించి, ప్లగ్గులు నేనే మార్చాను. అదే నంబరు, నికెల్‌వే, గ్యాప్ కొలిచి మరీ. రెండో కాయిల్‌కు కొత్త బూట్ వేశాను. ఐడ్లింగ్ వణుకు పోయింది. కానీ ఎత్తులో ఆ జర్క్ తగ్గిందే గానీ పూర్తిగా పోలేదు. స్కానర్ పెడితే పెండింగ్‌లో పీ0302 ఉంది.

#22 నల్లమసి

పీ0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్. చివరి అంకె సిలిండర్ నంబరు. ఏ సిలిండర్ అని తేలకుండా అక్కడా ఇక్కడా వస్తుంటే పీ0300 పడుతుంది. ఏమీ కొనకుండా తేల్చుకోండి: రెండో కాయిల్ తీసి మూడోదానిలో, మూడోది రెండోదానిలో పెట్టి, కోడ్ చెరిపి, ఆ ఎత్తు మళ్లీ ఎక్కండి. పీ0303 గా మారితే కాయిల్ దోషి. రెండులోనే ఉంటే ఇంజెక్టరో, వైరింగో, కంప్రెషనో చూడాలి.

దారిలో ఇంజన్ లైట్ మిణుకు మిణుకుమంటే యాక్సిలరేటర్ వదిలేసి నెమ్మదిగా పక్కకు ఆపండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కెటాలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. అది పోతే ఖర్చు ముందు ఈ ప్లగ్గులు, కాయిల్ లెక్కలోకే రావు.

#23 రెండోగేరు

పీ0303 కి మారింది! ఆయిల్‌లో నానిన కాయిలే. నాలుగూ మార్చమంటున్నారు, మార్చాలా? పాత ప్లగ్గుల్లో మంచివి ఎమరీ పేపర్‌తో రుద్ది డిక్కీలో స్పేర్‌గా పెట్టుకోవచ్చా?

#24 నల్లమసి

కాయిల్ ఒక్కటి మార్చండి చాలు. ప్లగ్గులు సెట్‌గా అరుగుతాయి, కాయిళ్లు ఒక్కోటి ఒక్కోలా పోతాయి. మిగతా మూడు బూట్లు మాత్రం టార్చ్ వేసి చూసి, పగుళ్లు ఉంటే ఇప్పుడే మార్చేయండి. కొత్త బూట్ లోపల కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే అతుక్కోదు.

#25 పానాపట్టిన_చేయి

పాత ప్లగ్గులు దాచుకోకండి. 1.4 గ్యాప్‌ను వంచి 1.1 చేయొచ్చు గానీ గుండ్రమైన అంచు మళ్లీ పదునెక్కదు. ఎమరీ రేణువులు పింగాణీ సందులో ఇరుక్కుని సిలిండర్‌లోకి పోతాయి. స్పేర్ కావాలంటే ఇదే నంబరు కొత్తది ఒకటి పెట్టెతో సహా ఉంచండి. మార్చిన కిలోమీటర్లు సర్వీస్ పుస్తకంలో రాసేశారా?

#26 రెండోగేరు

రాశాను, నంబరు, గ్యాప్‌తో సహా. కాయిల్ ఆర్డర్ పెట్టాను.